చెయ్యి ఐదో ఫ్రెట్ దగ్గరికే పోతోంది

పేరు వేయొద్దన్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పొడుగ్గా రాశారు, క్లుప్తంగా చెబుతాను. వయసు 34. తొమ్మిదేళ్లుగా ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నారు. సాయంత్రం పని నుంచి వచ్చాక సాధనకు దొరికేది 40 నిమిషాలు. గిటారు భుజానికి తగిలించుకోగానే ఎడమ చెయ్యి ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గడి) దగ్గరికి పోతుందట. ఎ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్ పైకీ కిందికీ రెండుసార్లు, మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర ఒక బెండ్ (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం), దాని వెనకే ఎనిమిది స్వరాల చిన్న ముక్క. ఆ ముక్క ఎక్కడ పట్టుబడిందో ఆయనకే గుర్తులేదు. చేతులు కాస్త వేడెక్కనీ అనుకుంటూ దాన్నే తిప్పి తిప్పి వాయిస్తారు. గడియారం చూసేసరికి అరగంట అయిపోయి ఉంటుంది. ఏడు నెలల కింద మొదలుపెట్టిన పాట ఇంకా పల్లవి దాటలేదు.

ఇది ఎప్పటినుంచో ఉన్నదే. కొత్తగా జరిగింది వేరు. బ్యాండ్ రిహార్సల్‌కు అందరూ సర్దుకుంటుండగా ఈయన ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) ఆన్ చేశారు. వేలు తీగ మీద పడేలోపే డ్రమ్మర్ ఆ ఎనిమిది స్వరాలనూ బెండ్‌తో సహా నోటితో పాడేశాడు. అందరూ నవ్వారు, ఈయనా నవ్వారు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాటినుంచి ఆ ముక్క జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నారు. దాని బదులు రోజూ అరగంట 1-2-3-4 వ్యాయామం: మొదటి ఫ్రెట్ నుంచి నాలుగు వేళ్లూ వరసగా, ఆరు తీగల మీదా, చేతనైనంత వేగంగా. మూడు వారాలు తిరిగేసరికి ముంజేయి లాగడం మొదలైంది. పొద్దున లేచేసరికి చిటికెన వేలు బిగుసుకుపోయి ఉంటోంది. పది రోజులుగా గిటారు సంచిలోంచి బయటికి రాలేదు. చివర్లో ఒక్క వాక్యం: నాలుగేళ్ల పాప బొమ్మలతో ఆడుకుంటూ ఆ ముక్కనే కూనిరాగం తీస్తోందట, అది విన్నా సిగ్గుగా ఉంటోందట.

ఈ అలవాటును వదిలించుకోవడం ఎలా, అసలు సరైన వార్మప్ ఏది, తొమ్మిదేళ్లలో నాకు వచ్చింది ఈ ఎనిమిది స్వరాలేనా అని అడిగారు.

ముందు నొప్పి సంగతి మాట్లాడుకుందాం. మీరు అడగలేదు కానీ మిగతావన్నీ ఆగుతాయి, ఇది ఆగదు. వేళ్లను మడిచే కండరాలు చాలావరకు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడినుంచి స్నాయువులు మణికట్టు దాటి వేళ్లదాకా వస్తాయి. అందుకే శ్రమ వేళ్లది, నొప్పి ముంజేతిది. ఇక మీరు ఎంచుకున్న చోటు చూడండి. మోగే తీగ పొడవు 648 మిల్లీమీటర్లున్న గిటారు మీద, మెడ చివర తీగలు ఆనుకునే నట్ నుంచి నాలుగో ఫ్రెట్ కమ్మీ దాకా 13 సెంటీమీటర్లు దాటుతుంది. ఏడో ఫ్రెట్ నుంచి పదో ఫ్రెట్ దాకా అవే నాలుగు వేళ్లకు కావలసిన చోటు తొమ్మిదిన్నర సెంటీమీటర్లే. అంటే ఇంకా వేడెక్కని చేత్తో, మెడ మీద ఫ్రెట్లు అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట, ఉన్నంత వేగంతో, అరగంట సేపు వాయించారు. అది వార్మప్ కాదండీ. ఒళ్లు వెచ్చబడకముందే పరుగుపందెంలో దిగడం.

పది రోజుల విశ్రాంతి ఇచ్చారు, అది మంచిదే. మళ్లీ మొదలుపెట్టాక లాగినట్టు అనిపిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపండి. నొప్పిని ఓర్చుకుంటే వేలు బలపడుతుందనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, పట్టు సడలడం లాంటివి కనిపించినా, విశ్రాంతి ఇచ్చినా ఇంకో రెండు వారాల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోండి. ఈలోగా ఒక చిన్న పని చేసి చూడండి. మూడో తీగ మీద ఏడో ఫ్రెట్ నొక్కి మీటండి. మీటుతూనే వేలి ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గించండి. ఒక దగ్గర తీగ జరజరమంటుంది. దానికి వెంట్రుకవాసి ఎక్కువ ఒత్తిడి చాలు, స్వరం శుభ్రంగా పలుకుతుంది. వేలిని ఫ్రెట్ కమ్మీకి ఆనుకున్నంత దగ్గరగా జరిపితే ఇంకా తక్కువ చాలు. వేగం కోసం తంటాలు పడేవాళ్లు చాలామంది దీనికి రెండింతలు, మూడింతలు నొక్కుతుంటారు. మీరూ అంతే చేస్తున్నారని నా అనుమానం.

ఇప్పుడు అలవాటు సంగతి. మీ ఉత్తరం రెండోసారి చదివాక నాకొకటి తోచింది. మీరు మూడు వేర్వేరు పనులకు వార్మప్ అని ఒకే పేరు పెట్టుకున్నారు. మొదటిది గిటారును పలకరించడం. రెండోది చేతిని వేడెక్కించడం. మూడోది కొత్తది నేర్చుకోవడం. ఐదో ఫ్రెట్ దగ్గరి మీ ముక్క పలకరింపు. దానిమీద మీకు కోపం వచ్చింది అది పలకరింపు అయినందుకు కాదు, మిగతా రెండిటి చోటునూ అదే ఆక్రమించుకున్నందుకు. అలాంటప్పుడు దాన్ని చంపాల్సిన పనిలేదు, హద్దు గీస్తే సరిపోతుంది.

గిటారు వాయించే ప్రతివాళ్లకూ ఇలాంటిదొకటి ఉంటుంది. కొందరి చెయ్యి జి, సి, డి కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీదికి పోతుంది. కొందరు పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్స్ మోగిస్తారు. మొట్టమొదట నేర్చుకున్న పాటలోని రెండు వరసలు ముప్పై ఏళ్లు గడిచినా వదలనివాళ్లు ఉన్నారు. నా చెయ్యి ఇ మైనర్ కార్డ్ పట్టుకుంటుంది. ఆరు తీగలూ ఒక్కొక్కటిగా మీటుతాను. శ్రుతి జారిందా, తీగలు పాతబడ్డాయా, ఈ పూట గోరు సరిగ్గా ఉందా, అన్నీ ఆ ఒక్క నిమిషంలో తెలిసిపోతాయి. ఎన్నో ఏళ్లుగా ఇదే. మానుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

మీ చెయ్యి ఐదో ఫ్రెట్‌కే ఎందుకు పోతుందంటే, అందులో గిటారు వాటా చాలా ఉంది. ఏమీ నొక్కకుండా ఆరు తీగలూ మీటండి: ఇ, ఎ, డి, జి, బి, మళ్లీ ఇ. ఆ ఐదు స్వరాలూ కలిస్తే సరిగ్గా ఇ మైనర్ పెంటటోనిక్ అవుతుంది. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. అంటే మామూలు శ్రుతిలో ఉన్న గిటారు ఎవరూ ముట్టకుండా గోడకు వేలాడుతున్నప్పుడు కూడా దానిలో ఆ స్కేలే ఉంది. అదే అమరిక ఐదు ఫ్రెట్లు పైకి జరిగితే మీ ఎ మైనర్ వస్తుంది. చూపుడు వేలు ఐదో ఫ్రెట్ మీద దాదాపు కదలకుండా ఉంటుంది, ఒక్కో తీగ మీద రెండే స్వరాలు, అర స్వరం దూరాలు లేవు కాబట్టి ఏది మోగినా చెవికి గుచ్చుకోదు. తప్పు పడే వీల్లేని చోటు అది. రోజంతా పనిలో తప్పులు పడకుండా ఒళ్లు దగ్గరపెట్టుకుని వచ్చిన మనిషి చెయ్యి అలాంటి చోటు వెతుక్కోవడంలో నాకు వింత కనిపించలేదు.

అయితే ఆ రెండు నిమిషాల పలకరింపు అరగంట ఎందుకు సాగుతోంది? మీ ఎనిమిది స్వరాలు నేను వినలేదు. కానీ ఇలాంటి ముక్కలన్నిటికీ ఒక లక్షణం ఉంటుంది: చివరి స్వరం మళ్లీ మొదటి స్వరం మీదికే తోస్తుంది. ముగింపు లేక అది తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి దానికి ముగింపు కట్టండి. ముక్క అయిపోగానే ఐదో తీగను, ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, ఒక్కసారి మీటండి. అది ఎ స్వరం. అది మోగి, సన్నగిల్లి, వినపడకుండా పోయేదాకా చేతులు కదపకండి. తర్వాత వాయించేది ఇంకేదైనా కావచ్చు, ఆ ముక్క మాత్రం కాదు.

ఇలా దాన్ని ఉండనిచ్చి రెండు నిమిషాలకు కట్టేయడం ఒక దారి. గిటారు తీయడంలో ఉన్న ఇష్టం మీకు మిగులుతుంది. కష్టమేమిటంటే అలసిపోయిన రోజుల్లో ఆ హద్దు నిలవదు, వారంలో ఒకటి రెండు సాయంత్రాలు మళ్లీ అరగంట మింగేస్తుంది. దానికి సిద్ధపడే ఈ దారి పట్టండి.

మీరు పట్టిన దారి, అంటే అలవాటును తీసేసి ఆ చోట వ్యాయామం పెట్టడం కూడా తప్పేమీ కాదు, పద్ధతి మారిస్తే. ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టండి. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి దెబ్బకు ఒక్క స్వరం. ఆరు తీగలు పైకి 24, కిందికి 24, మొత్తం 48 స్వరాలు, 48 సెకన్లు. అలా మూడు సార్లంటే మూడు నిమిషాలైనా పట్టదు, చేతికి అది చాలు. ఇంకో సంగతి: నాలుగు వేళ్లను వరసలు మార్చి 24 రకాలుగా పేర్చవచ్చు. మీరు మూడు వారాలూ వాయించింది అందులో ఒకే ఒక్కటి. 1-3-2-4, 1-4-2-3, 2-4-1-3 ఇలా రోజుకు రెండు మార్చుకుంటూ పోతే పన్నెండు రోజులకు చుట్టు పూర్తవుతుంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వెంటవెంటనే వచ్చే వరసల్లో చెయ్యి మొరాయిస్తుంది. ఆ రెండిటినీ ఎత్తే స్నాయువులు చేతి వెనక ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, కాబట్టి అది మీ చేతగానితనం కాదు. ఈ దారితో వేళ్లు చక్కబడతాయి, చెవికి మాత్రం ఏమీ అందదు. నెలల తరబడి ఇదొక్కటే వాయిస్తే ఇది బాగా వాయించడం వస్తుంది, పాట రాదు.

నాకు ఎక్కువ ఇష్టమైన దారి ఇంకొకటి ఉంది, ఇక్కడ కాస్త ఆగుతాను. మౌరో జూలియానీ అనే గిటారు విద్వాంసుడు 1812లో తన రచనల వరసలో మొదటిదిగా (ఓపస్ 1) ఒక అభ్యాస గ్రంథం వేశాడు. అందులో కుడిచేతికి 120 అభ్యాసాలున్నాయి. క్లాసికల్ గిటారు నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ వాటితో చేతులు వేడెక్కించుకుంటారు. ఆ 120లోనూ ఎడమ చెయ్యి పట్టుకునేది రెండే కార్డులు, సి మేజర్, జి సెవెంత్. నూట ఇరవై సార్లూ అవే రెండు. మారేదల్లా కుడిచేతి వేళ్లు ఏ తీగను ఎప్పుడు మీటుతాయన్నదే. ఒకే చోట తిరగడం మందబుద్ధి అయితే ఆ పుస్తకం ఈ పాటికి మరుగున పడిపోయేది. ఆయన ఒక చేతిని కదలకుండా కట్టేసింది రెండో చేతి మీద దృష్టి నిలవడానికి.

మీ ఎనిమిది స్వరాలతో ఈ పని చేయొచ్చు. స్వరాలు అవే ఉంచి ఒక్కటి మార్చండి. ఇవాళ పిక్ కిందికి మాత్రమే కొట్టండి. రేపు ముక్క మొత్తం మూడో తీగ ఒక్కదాని మీదే వాయించండి, చెయ్యి మెడ మీద పరుగులు తీయాల్సివస్తుంది. ఎల్లుండి అర దెబ్బ ఆలస్యంగా ఎత్తుకోండి, అవే స్వరాలు వేరే పాటలా వినిపిస్తాయి. ఇంకో రోజు పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నంత మెల్లగా వాయించండి. ఆ బెండ్ ఉంది చూశారా, దాన్నీ పరీక్షకు పెట్టండి. మూడో తీగ ఏడో ఫ్రెట్ డి స్వరం, దాన్ని పూర్తి స్వరం లాగితే ఇ రావాలి. అదే ఇ మీకు రెండో తీగ ఐదో ఫ్రెట్ మీద, చూపుడు వేలికి దగ్గర్లోనే ఉంది. ముందు దాన్ని మోగించి, ఆ తర్వాత బెండ్‌ను దాని పక్కకు తీసుకురండి. రెండూ కలిసి మోగుతుంటే తేడా ఉన్నంతసేపూ ఊగుతున్నట్టు ఒక అల వినిపిస్తుంది. శ్రుతి కలిసిన క్షణాన ఆ అల నిలిచిపోతుంది. తొమ్మిదేళ్లుగా లాగుతున్న బెండ్ ఎక్కడిదాకా వెళుతోందో ఆ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. చాలామందికి అది ఇ దాకా చేరకుండానే ఆగిపోతుంటుంది. ముంజేయి పూర్తిగా నెమ్మదించాకే ఈ బెండ్ జోలికి వెళ్లండి. వెళ్లినప్పుడు ఉంగరపు వేలి వెనక మధ్య వేలిని ఆసరా పెట్టండి, లాగేది మణికట్టు తిప్పుతో.

దీనికీ చెల్లించాల్సింది ఉంది. మొదటి కొన్ని రోజులు మీ ప్రియమైన ముక్క ముక్కలైపోయి వినిపిస్తుంది, హాయి పోతుంది. తర్వాత ఇది ఎంత బాగుంటుందంటే 40 నిమిషాలూ ఇదే తినేస్తుంది, పాట మళ్లీ పల్లవి దగ్గరే కూర్చుంటుంది.

పాట ముందుకు పోవడమే ముఖ్యమనుకుంటే దానితోనే మొదలుపెట్టడం ఇంకో దారి. మీరు ఆగిపోయిన చోట రెండు బార్లు (తాళం ఆవర్తాలు) తీసుకుని, సగం వేగంతో, వేళ్లు తీగలను తాకీ తాకనట్టు వాయించండి. వేడెక్కడం, నేర్చుకోవడం రెండూ ఒక్కటైపోతాయి. కాకపోతే సంచి జిప్ తీయగానే మొదట ఎదురయ్యేది మీకు రానిదే అవుతుంది. మనసు బాగున్న రోజు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బాగాలేని రోజు జిప్ తీయబుద్ధి కాదు. ఆ బార్లలో ఒకే వేలిని తీగలన్నిటికీ అడ్డంగా నొక్కే బ్యారె కార్డో, వేళ్లు బాగా చాచాల్సిన చోటో ఉంటే ఇప్పటి మీ చేతికి ఇది అసలే వద్దు.

ఏ దారి పట్టినా, నేర్చుకోవడానికి మిగిలిన సమయాన్ని ఒకే ముక్క మీద పొయ్యకండి. 1979లో షియా, మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికలు నేర్చుకోవడం మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే కదలికను అయిపోయేదాకా చేసి తర్వాతిదానికి పోయినవాళ్లు సాధన సమయంలో చురుగ్గా కనిపించారు. కలగాపులగంగా మార్చి మార్చి చేసినవాళ్లు అప్పుడు తడబడ్డారు కానీ, పది రోజుల తర్వాత చూస్తే ఎక్కువ నిలుపుకున్నది వాళ్లే. అది గిటారు మీద చేసిన ప్రయోగం కాదు. అయినా నేను పాఠం చెప్పిన చేతుల్లోనూ నాకు కనిపించింది ఇదే. పాటలోంచి మూడు చోట్లు ఎంచుకుని ఐదేసి నిమిషాల చొప్పున రెండు చుట్లు తిరగండి, అరగంట. ఆ పూటకు ఏమీ రానట్టే ఉంటుంది. వారం ఆగి చూడండి.

నన్ను ఎంచుకోమంటే ఈ నెలకు రెండు నిమిషాల పలకరింపు, ముగింపుగా ఆ ఎ స్వరం, ఏడో ఫ్రెట్ దగ్గర మూడు నిమిషాలు మెల్లగా, ఆ తర్వాత పాట అంటాను. మార్పులు చేర్పులతో ఆట సెలవు రోజుకు ఉంచుకోండి. అయితే మీ సాయంత్రాలు నాకు తెలియవు, మీకు తెలుసు.

డ్రమ్మర్ విషయం. అతనితో మాట్లాడవచ్చు, మాట్లాడకుండా సర్దుకోవచ్చు, ఆ నవ్వును వాడుకోనూవచ్చు. మాట్లాడితే, ఆ రోజు నాకు గుచ్చుకుందిరా అని ఒక్క మాట చాలు. స్నేహితుడైతే అర్థం చేసుకుంటాడు, కాకపోతే కొన్నాళ్లు అందరూ మీ దగ్గర ఆచితూచి మాట్లాడతారు, అది మీకు ఇంకా ఇబ్బంది. మాట్లాడకపోతే, ఆంప్ ఆన్ చేసేముందు గిటారు మీది వాల్యూమ్ సున్నాకు తిప్పి, ఆ పలకరింపు మీకొక్కరికే వినపడేలా కానివ్వండి. రిహార్సల్ గదిలో ఇది మర్యాద కూడా. పాట మొదలవకముందే నలుగురూ నాలుగు రకాలుగా మోగిస్తుంటే చెవులు అప్పుడే అలసిపోతాయి. ఇక వాడుకోవడమంటే, ఈసారి అతను నోటితో పాడగానే ఆగకండి. దానికింద ఒక తాళం వెయ్యమనండి. ఎనిమిది స్వరాలు, వెనక డ్రమ్స్, బేస్ కలిస్తే ఏమవుతుందో మీరెవరూ ఇంతవరకూ విని ఉండరు. ఏమీ కాకపోవచ్చు, ఒక పాటకు మొదలు కావచ్చు.

తొమ్మిదేళ్లలో వచ్చింది ఇంతేనా అన్నారు. నేను మీ వాయింపు వినలేదు కాబట్టి లేనిపోని ధైర్యం చెప్పను. కానీ ఉత్తరంలో రెండు సాక్ష్యాలు మీరే రాసి పంపారు. డ్రమ్మర్ దాన్ని బెండ్‌తో సహా పాడాడు. పాప కూనిరాగం తీస్తోంది. స్కేల్ పైకీ కిందికీ మోగిస్తే ఎవరి నోటా నిలవదు. మీరు రెండింటినీ ఒక్కటిగా చూస్తున్నారు గానీ, ముందు వాయించే స్కేల్ వేరు, తర్వాత వచ్చే ఆ ఎనిమిది స్వరాలు వేరు. వాటికి ఒక ఆకారం ఉంది, అందుకే ఇద్దరికి పట్టుబడ్డాయి.

రేపు పాప కూనిరాగం తీస్తున్నప్పుడు గిటారు తీసి పక్కన కూర్చోండి. తను మీ ఎ మైనర్‌లో పాడదు, తన గొంతుకు తోచిన చోట ఎత్తుకుంటుంది. మొదటి స్వరం ఎక్కడుందో తీగ మీద వెతికి పట్టుకోండి, అక్కడినుంచి తనతోపాటు వాయించండి. ఎల్లుండి ఇంకో చోట ఎత్తుకుంటుంది, మళ్లీ వెతుక్కోవాలి.